నాలుగు గీతలా, ఐదు గీతలా?

ఏడాదిగా మోకాళ్ళ వాపుతో తిరుగుతున్నాను. న్యూజెర్సీలో ఇల్లు, వెనక జింకలు తిరిగే అడవి. మొత్తానికి లైమ్ జబ్బుకి పరీక్ష చేయిస్తే వెస్టర్న్ బ్లాట్‌లో నాలుగు గీతలొచ్చాయి. ఐదొస్తే ఉన్నట్టు, నాలుగైతే లేనట్టు! ఇంతకీ ఈ ఐదు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని తవ్వితే తేలిన కథ ఇది.

1975లో కనెటికట్‌లోని లైమ్ ఊళ్ళో పాలీ మరే అనే తల్లి, తన ఇంట్లోనూ ఇరుగుపొరుగు పిల్లల్లోనూ కీళ్ళవాపులు చూసి రాష్ట్ర ఆరోగ్యశాఖకి మొరపెట్టుకుంది. యేల్ డాక్టరు అలెన్ స్టీర్ బృందం లెక్కతీస్తే చుట్టుపక్కల 51 మంది తేలారు. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదుల్లో మెలికల బాక్టీరియాని పట్టుకున్నాడు.

చిక్కేంటంటే, ఈ పరీక్ష వెతికేది బాక్టీరియాని కాదు, దానిమీద మన ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీల్ని. అవి పుట్టడానికి వారాలు పడుతుంది. జబ్బు పోయాక కూడా ఏళ్ళతరబడి ఉండిపోవచ్చు. అంటే తొలిరోజుల నెగటివ్‌నీ నమ్మలేం, ఆనక వచ్చిన పాజిటివ్‌నీ నమ్మలేం. ఒక్కో ల్యాబు ఒక్కోలా చదువుతోందని 1994లో డియర్‌బోర్న్ సమావేశంలో పదింట ఐదు అని ఖాయం చేశారు.

తప్పుడు పాజిటివ్‌లు తగ్గాలంటే ఎక్కడో హద్దు పెట్టాల్సిందే, ప్రోగ్రాముల్లో నేనూ అదే చేస్తాను. నెలలతరబడి యాంటీబయాటిక్స్ మింగమనేవాళ్ళని నమ్మను, ట్రయల్స్‌లో వాటివల్ల నిలకడైన లాభమేదీ కనబడలేదు. కానీ "రిపోర్టు బావుంది, మీకేం లేదు" అన్న డాక్టర్నీ నమ్మలేకపోతున్నా. పాలీ మరేకీ మొదట్లో ఏళ్ళతరబడి ఆ మాటే చెప్పారు మరి.