పాత నంబరు కింద కొత్త మరమ్మతు

2014 ఏప్రిల్‌లో ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడగానే దాని బృందం 1.0.1జీ విడుదల చేసింది. లినక్స్ పంపిణీ డెబియన్ వీజీ మాత్రం 1.0.1ఈ దగ్గరే ఉండి, ఆ ఒక్క దిద్దుబాటునే తన పాత కోడ్‌లోకి వెనక్కి తెచ్చుకుని, నంబరు చివర డెబ్7యూ5 అని తగిలించింది. తోక చూడనివాళ్లకు అది ఇంకా చిల్లుపడ్డ సాఫ్ట్‌వేరే. పాతదాన్ని పట్టుకు వేలాడటం బద్ధకమేనన్న విమర్శ ఎప్పుడూ ఉన్నదే. కానీ ఆ లోపం 2012లో 1.0.1తో వచ్చిన హార్ట్‌బీట్ సౌకర్యానిది, 0.9.8 మీదే ఉండిపోయినవాళ్ల జోలికి అది రాలేదు.

పాత కోడ్‌కు అతుకు వేసేటప్పుడు చెయ్యి జారదా అంటే, జారింది కూడా. 2006లో డెబియన్ తన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో చేసిన చిన్న మార్పు వల్ల రహస్య తాళాలు ఊహకు అందేవిగా తయారయ్యాయి. ఆ సంగతి 2008 మేలో గానీ వెల్లడి కాలేదు. అయితే అది వెనక్కి తెచ్చిన దిద్దుబాటు కాదు, మూల కోడ్‌లో లేని సొంత మార్పు. ఈ తేడా చిన్నది కాదు. వెనక్కి తెచ్చే దిద్దుబాట్లకు హద్దులుంటాయి: 2005లో మొదలైన లినక్స్ కెర్నెల్ స్టేబుల్ శాఖ, చుట్టుపక్కల పంక్తులతో కలిపి 100 దాటిన మార్పును తీసుకోనంది. ప్రధాన శాఖలో ముందు చేరి ఉండాలన్న షరతు తర్వాత వచ్చింది. వెనక్కి తెచ్చే పనిపై గట్టి అభ్యంతరం ఖర్చు గురించే. 2017లో ఆరేళ్లకు పెంచిన దీర్ఘకాల కెర్నెల్ గడువును 2023లో మళ్లీ రెండేళ్లకు తగ్గించాలనుకున్నారు: వాడేవాళ్లు తక్కువ, చేసేవాళ్లు అలిసిపోయారు.