తస్వీర్ ఎవరికి దక్కింది?

1911 ఢిల్లీ దర్బార్ దాకా హిందుస్తానీ సిపాయి ఎంత బహాదురీ చూపినా విక్టోరియా క్రాస్‌కు అర్హుడు కాదు. ఆ హక్కు వచ్చిన మూడేళ్లకే, 1914 అక్టోబర్ 31న, బెల్జియంలో ఖుదాదాద్ ఖాన్ దాన్ని సాధించారు. తోటివాళ్లంతా నేలకొరిగినా, తనకు గాయాలైనా, ఆయన మెషిన్‌గన్ వదల్లేదు. 1915లో మీర్ దస్త్, 1916లో షాహమద్ ఖాన్ ఆ పతకం అందుకున్నారు.

ఆ జంగ్‌లో విక్టోరియా క్రాస్ వచ్చిందంటే పేరుతో పాటు తస్వీర్ కూడా లోకానికి చేరేది. చిత్రకారులు పత్రికల కోసం గీశారు. సిగరెట్ పెట్టెల్లో పెట్టే చిన్న రంగు కార్డుల మీద కూడా వీరుల బొమ్మలు అచ్చయ్యాయి.

నేపాల్ గూర్ఖాలతో కలిపి హిందుస్తానీ ఫౌజ్‌లో ఆ పతకం పొందిన సిపాయిలు 11 మంది. వాళ్లలో దక్షిణాదివాడు ఒక్కడూ లేడు. మనవాళ్లకు హిమ్మత్ లేకనా? కాదు. ఆ ఫైసలా మైదానంలో కాదు, భర్తీ దఫ్తర్‌లో జరిగింది. 1880లలో మద్రాస్ ఫౌజ్‌కు సేనాపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాదివాళ్లు జంగ్‌కు పనికిరారని తేల్చేశాడు. 'యుద్ధ జాతులు' అనే లెక్క పెట్టి పంజాబ్, సరిహద్దు వైపే భర్తీ పెంచారు. మద్రాస్ పల్టన్లు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

అయినా మనవాళ్లు వెళ్లారు. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ శాపర్స్‌లో తెలుగు, తమిళ, ముసల్మాన్, క్రైస్తవ సిపాయిలు కలిసి పనిచేశారు. మెసొపొటేమియాలో వంతెనలు కట్టారు, దారులు వేశారు. తుపాకీ గుళ్ల మధ్య వంతెన కట్టినవాడి తస్వీర్ ఎవరు గీస్తారు? నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్ల గుర్తుగా ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర 1922 నుంచి ఒక కంచు సిపాయి నిలబడి ఉన్నాడు. అతనికి ముఖం ఉంది, పేరు లేదు.

పేరు మాత్రం ఇంకోచోట దొరకవచ్చు. ఆ జంగ్‌లో పనిచేసిన మామూలు సిపాయికి కూడా చాందీ పతకం ఇచ్చారు. దాని అంచు మీద అతని నంబరు, పేరు, పల్టన్ చెక్కి ఉంటాయి. కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఖాందాన్లలో పరదాదాల సందూక్ ఎవరి దగ్గరైనా ఉంటే ఒకసారి తెరవండి. అందులో నల్లబడిన బిళ్ల కనిపిస్తే తూకానికి అమ్మి కరిగించకండి. భూతద్దం పెట్టి అంచు చదవండి, పిల్లలతో చదివించండి. ఎవరూ గీయని ఆ సిపాయికి మిగిలిన తస్వీర్ అదే.