సూరత్ చిందీ ఎవరి బాధ్యత? మూసిన వలయపు లెక్కలు

సూరత్ రింగ్ రోడ్డులోని బట్టల మార్కెట్లకు, ఉధ్నా మగ్గాలకు నడుమ ఉన్న పాత పారిశ్రామికవాడ ఖటోదరా. ఈ చుట్టుపక్కల నేత, ఎంబ్రాయిడరీ, కటింగ్ పనుల్లో మిగిలే పేలికలను అక్కడ ‘చిందీ’ అంటారు. తెలంగాణ నుంచి తరాల కిందట వలస వెళ్లి ఉధ్నా, లింబాయత్‌లలో స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలకు ఈ మాట కొత్త కాదు. సూరత్ బట్టలో అధిక భాగం పాలిస్టర్. అంటే చిందీ చూడ్డానికి గుడ్డే అయినా, పదార్థం రీత్యా మంచినీళ్ల సీసాకు చుట్టమే. సీసాకు రీసైక్లింగ్ చట్టం ఉంది. చిందీకి లేదు.

సరుకు తయారై కొనుగోలుదారుకు చేరే దారిని సరఫరా గొలుసు అంటాం. వాడాక, లేదా తయారీలో మిగిలాక, అది తిరిగి ముడిసరుకుగా వెనక్కి వచ్చే దారిని కూడా కలిపితే అది ‘క్లోజ్డ్ లూప్’, అంటే మూసిన వలయం అవుతుంది. గీత గీసి చూపడం తేలిక. వెనక్కి వచ్చే దారిలో ప్రతి అడుగుకూ ఒకరు ఖర్చు పెట్టాలి, లాభం మాత్రం ఇంకొకరికి చేరుతుంది. చిక్కంతా అక్కడే.

ఒక ఊహాలెక్క చూద్దాం. చిందీని రంగులవారీగా, రకాలవారీగా వేరు చేయడానికి ఒక కటింగ్ యూనిట్‌కు కిలోకు 4 రూపాయలు ఖర్చవుతుందనుకుందాం. అలా వేరు చేసిన సరుకు రీసైక్లర్‌కు కిలోకు 9 రూపాయల అదనపు విలువ ఇస్తుంది. మధ్యలో ఉన్న తుక్కు వ్యాపారి మాత్రం యూనిట్‌కు 2 రూపాయలే ఎక్కువ ఇస్తాడు. తన వాటా తాను చూసుకోవాలి, రీసైక్లర్ రేపు కొంటాడన్న హామీ కూడా లేదు. యూనిట్‌కు 2 రూపాయల నష్టం కనుక అంతా కలిపి ఒకే మూటలో కట్టేస్తుంది. అందరికీ కలిపి రావలసిన 5 రూపాయలు గాలికి పోతాయి. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు, ఎవరి లెక్క వారికి సరిగానే ఉంది. ఆ 9 రూపాయల్లో యూనిట్‌కు 5.50, వ్యాపారికి 1.50, రీసైక్లర్‌కు 2 చొప్పున ముందే ఒప్పందం రాసుకుంటే ముగ్గురూ బాగుపడతారు. అర్థశాస్త్రంలో ‘సమన్వయం’ అంటే ఇంతే.

ఎవరు సేకరించాలన్న ప్రశ్న మీద సావస్కాన్, భట్టాచార్య, వాన్ వాసెన్‌హోవ్ 2004లో ‘మేనేజ్‌మెంట్ సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసాన్ని ఈ రంగంలో తరచూ ఉదహరిస్తారు. తయారీదారు, దుకాణదారు, మూడో వ్యక్తి... ఈ ముగ్గురిలో వినియోగదారుకు దగ్గరగా ఉన్న దుకాణదారు సేకరిస్తేనే తయారీదారుకు ఎక్కువ మేలని వారి నమూనా తేల్చింది. చిందీ విషయంలో ఆ దగ్గరి మనిషి కటింగ్ యూనిట్. కానీ సూరత్‌లో చాలా పని జాబ్‌వర్క్ పద్ధతిలో సాగుతుంది. బట్ట వ్యాపారిది, యంత్రం యూనిట్‌ది, రంగు వేరే మిల్లుది. ‘ఉత్పత్తిదారు’ ఎవరని అడిగితే ఒక్కొక్కరూ పక్కవాడిని చూపిస్తారు. వారు చూపించేది అబద్ధమూ కాదు.

ఉత్పత్తిదారుడి విస్తృత బాధ్యత, అంటే ఈపీఆర్ అనే ఆలోచనను స్వీడన్‌కు చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ 1990లో ముందుకు తెచ్చారు. మన దేశంలో ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌కు దాని పూర్తి మార్గదర్శకాలు 2022 ఫిబ్రవరిలో వచ్చాయి. ఫలితం కాస్త విచిత్రంగా ఉంటుంది. పాలిస్టర్ చీరను చుట్టిన కవరు ఈ నిబంధనల కిందికి వస్తుంది, లోపలి చీర రాదు. 2024 మార్చి సవరణలో సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుల బాధ్యతను వారికి ప్లాస్టిక్ ముడిసరుకు ఇచ్చేవారి మీదికి మార్చారు. చిన్న యూనిట్ల వెంటపడటం కన్నా గొలుసులో పైన ఉన్న కొద్దిమంది పెద్దవాళ్లను పట్టుకోవడం సులువు. రేపు బట్టకూ చట్టం తెస్తే నూలు తయారీ కంపెనీల దగ్గర మొదలుపెట్టడమే మేలని ఈ రచయిత అభిప్రాయం. కాగితం మీది బాధ్యతను మాత్రం నమ్మలేం. ప్లాస్టిక్ రీసైక్లింగ్ పేరిట గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకల్లో సుమారు 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పట్టుకుంది.

నీటి వలయం మూసుకుంది

విచిత్రమేమిటంటే ఇదే ఊళ్లో, ఇదే పరిశ్రమలో ఒక వలయం చక్కగా మూసుకుంది. రంగుల మిల్లులకు నీళ్లు విపరీతంగా కావాలి. సూరత్ నగరపాలక సంస్థ బమ్రోలీలో మురుగునీటిని మూడో దశ దాకా శుద్ధి చేసే ప్లాంటును 2014లో ప్రారంభించింది. రోజుకు 4 కోట్ల లీటర్ల సామర్థ్యంతో మొదలై, ఆ నీటిని పైపుల ద్వారా పాండేసరా మిల్లులకు అమ్ముతోంది. ఇక్కడ అమ్మేవాడు ఒక్కడే. కొనేవాళ్లు ఎవరో తెలుసు. నీటి నాణ్యతకు కొలత ఉంది, ధర ముందే నిర్ణయమైంది. చిందీకి ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

1994 ప్లేగు తర్వాత, 1995లో కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు హయాంలో సూరత్ వీధుల చెత్త నిర్వహణ రూపుమారింది. ఇళ్ల చెత్తకు నగరపాలక సంస్థే యజమాని కనుక అది సాధ్యమైంది. చిందీ అలా కాదు. అది తుక్కు వ్యాపారి చేతిలో ఉన్నంతసేపు సరుకు, అతను వద్దన్న మరుక్షణం చెత్త.

సాంకేతిక అడ్డంకులూ ఉన్నాయి. రీసైకిల్డ్ పాలిస్టర్‌లో దాదాపు అంతా సీసాల నుంచి వస్తున్నదే. రంగులు అద్దిన, స్పాండెక్స్ కలిసిన, జరీ కుట్టిన గుడ్డను తిరిగి నూలుగా మార్చడం కష్టం, ఖరీదు. ఒప్పందాలు ఎంత బాగా రాసుకున్నా ఈ ఖర్చు పోదు. వేరు చేసిన సరుకు క్రమం తప్పకుండా వస్తుందంటేనే పెట్టుబడి పెట్టేవాళ్లు ముందుకొస్తారు.

మన సిరిసిల్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. 2017లో బతుకమ్మ చీరలతో మొదలై అక్కడి పాలిస్టర్ మగ్గాలకు ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారు అయింది. మగ్గాల వ్యర్థాన్ని ఎవరు, ఏ ధరకు వెనక్కి తీసుకోవాలో కొనుగోలు ఒప్పందంలోనే రాయించగల స్థితి అది. సూరత్‌లో అంతటి కొనుగోలుదారు ఎవరూ లేరు.

బట్టలకు ఫ్రాన్స్ 2007 నుంచే ఈపీఆర్ అమలు చేస్తోంది. 2025లో సవరించిన యూరోపియన్ యూనియన్ వ్యర్థాల చట్టం ప్రకారం సభ్యదేశాలన్నీ 2028 నాటికి అలాంటి పథకం పెట్టాలి. సూరత్ బట్ట చాలావరకు దేశీయ మార్కెట్‌కే వెళ్తుంది కనుక, ఆ ఒత్తిడి ఖటోదరా కన్నా ముందు ఎగుమతుల ఊరైన తిరుప్పూర్‌కు తగులుతుంది.