గన్‌ఫౌండ్రీ నుంచి పబ్లిక్ గార్డెన్స్ దాకా: హైదరాబాదులో పురావస్తు విద్య – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైదరాబాదులో పురావస్తు పరిశోధనకు అవసరమైన ఆకరాలు ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాలలో కేంద్రీకృతమయ్యాయి. ఆ విషయంలో పట్టాలిచ్చే విద్య మాత్రం వేరే ప్రాంగణాలలో ఎదిగింది. ఈ ఎడం ఎలా ఏర్పడిందో, తెలుగు పరిశోధనపై దాని ప్రభావమేమిటో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: పురావస్తుశాస్త్రం, శాసనాలు, ప్రదర్శనశాల, వారసత్వ నిర్వహణ, స్నాతకోత్తర విద్య.

1. ఉపోద్ఘాతం

నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను నెలకొల్పి, గులాం యజ్దానీని దాని అధిపతిగా నియమించింది. మరుసటి ఏడాదే మస్కిలో అశోకుని శాసనం బయటపడింది. హెచ్. కృష్ణశాస్త్రి దానిని పరిష్కరించగా, హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో తొలి ప్రచురణగా వెలువడింది. అజంతా చిత్రాల సంరక్షణకు ఇటలీ నుంచి నిపుణులను రప్పించడం, కొండాపురంలో తవ్వకాలు జరపడం యజ్దానీ కాలపు కృషిలో ముఖ్యమైనవి. తవ్వకం, ప్రచురణ, సంరక్షణ అనే మూడు పనులూ ఒకే శాఖ చేతిలో ఉండడం ఈ తొలి దశ లక్షణం.

2. శాఖ – ప్రదర్శనశాల

రాష్ట్ర పురావస్తు శాఖ కార్యాలయం నేడు ఆబిడ్స్‌ను ఆనుకొని ఉన్న గన్‌ఫౌండ్రీలో ఉంది. ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్దంలో నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారం వల్ల ఆ చోటికి ఆ పేరు వచ్చింది. అక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగిన దూరంలో, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రదర్శనశాల ఉంది. నాణేలు, శిల్పాలు, అజంతా చిత్రాల నకళ్ళు, తవ్వకాలలో దొరికిన వస్తువులు అందులో ఉన్నాయి. సామాన్య సందర్శకునికి గుర్తుండేది ఈజిప్టు మమ్మీ కావచ్చు. పరిశోధకునికి మాత్రం ఆ నాణేలే ప్రధానాకరం.

3. తెలుగులో శాసన పరిశోధన

శాఖ ప్రచురణలు ప్రధానంగా ఇంగ్లీషులో వెలువడ్డాయి. తెలుగు పాఠకునికి శాసనాలను అందించే బాధ్యతను ప్రభుత్వేతర పండితులు స్వీకరించారు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పేరిట ఏర్పడిన లక్ష్మణరాయ పరిశోధకమండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటిని ప్రచురించింది. ఇది, పి. శ్రీనివాసాచారి పరిష్కరించిన తెలంగాణ జిల్లాల శాసన సంపుటిని శాఖ 1940లో ఇంగ్లీషులో వెలువరించడానికి అయిదేళ్ళ ముందటి మాట. ఆదిరాజు వీరభద్రరావు వంటివారు ఏ విశ్వవిద్యాలయ పాఠ్యక్రమమూ లేకుండానే ఈ విద్యను సాధన చేశారు. తెలుగులో పురావస్తు పరిభాష రూపుదిద్దుకోవడంలో వారి పాత్ర గణనీయం.

4. పట్టా ఒకచోట, ఆకరం మరొకచోట

శాఖలో శాసన పరిశోధకునిగా పనిచేసిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి కృషి ఈ చరిత్రలో కీలకం. బయ్యారం చెరువు శాసనం ఆధారంగా కాకతీయుల వంశక్రమాన్ని ఆయన స్పష్టపరిచారు. కాకతీయులపై ఆయన సిద్ధాంతగ్రంథానికి డాక్టరేటు ఇచ్చింది ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం. దానిని 1978లో గ్రంథంగా ప్రచురించింది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. తెలుగు నేల శాసనాలతో చేసిన పరిశోధనకు పట్టా మరో రాష్ట్రం నుంచి వచ్చిందన్నమాట.

కోటిలింగాల ఉదంతం మరో కోణాన్ని చూపుతుంది. ధర్మపురి ప్రాంత పండితుడు సంగనభట్ల నరహరిశర్మ సేకరించిన నాణేలు పరబ్రహ్మశాస్త్రి దృష్టికి రావడంతో గోభద, సమగోప వంటి పాలకుల పేర్లు చరిత్రకెక్కాయి. స్థానిక సేకర్త, లిపి తెలిసిన నిపుణుడు, తవ్వకం జరిపే శాఖ – ఈ ముగ్గురి కలయిక వల్లనే శాతవాహన పూర్వచరిత్ర మారింది. ఇందులో తరగతి గదికి చోటు దక్కలేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తుశాస్త్ర విభాగం ఏర్పడడంతో ఈ లోటు కొంత తీరింది. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం పబ్లిక్ గార్డెన్స్ నుంచే నడిచినా, చరిత్ర, సంస్కృతి, పురావస్తుశాస్త్ర ఎం.ఎ. శ్రీశైలం ప్రాంగణంలో సాగింది. క్షేత్ర పరిశీలనకు శ్రీశైలం అనువైనదే. కాని ప్రదర్శనశాలకు పొరుగున ఉన్న విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థి ఆ ప్రదర్శనశాలకు దూరంగా చదవవలసి వచ్చింది. 2014 విభజనతో ఆ దూరానికి రాష్ట్ర సరిహద్దు కూడా తోడైంది.

5. వారసత్వ నిర్వహణ

శ్రీశైలం జలాశయ ముంపు నుంచి కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో పునర్నిర్మించిన అనుభవం, పురావస్తువేత్తకు లిపి పరిజ్ఞానం ఒక్కటే చాలదని తేల్చింది. శిల్పశాస్త్రం, ఇంజనీరింగు, చట్టం, నిర్వాసితుల సమస్యలు అన్నీ అందులో కలిసి ఉన్నాయి. 1960 నాటి పురాతన కట్టడాల చట్టం, తెలంగాణ 2017లో చేసిన వారసత్వ చట్టం అమలుకు అటువంటి సమగ్ర శిక్షణ పొందినవారు కావాలి. ప్రాచీన చరిత్ర పాఠ్యక్రమానికి ఒక పత్రాన్ని చేర్చినంత మాత్రాన ఆ శిక్షణ సమకూరదు.

6. ముగింపు

హైదరాబాదు పురావస్తు చరిత్రలో ఆకరాలకు గాని, పండితులకు గాని కొరత లేదు. కొరత వాటిని కలిపే వ్యవస్థకే. స్నాతకోత్తర విద్యార్థి కనీసం ఒక అర్ధసంవత్సరం ప్రదర్శనశాలలోని నాణేల జాబితాపైనో, శాఖ వద్ద ఉన్న శాసన ప్రతికృతులపైనో పనిచేసి, ఫలితాన్ని తెలుగులో సమర్పించే ఏర్పాటు ఉంటే పరిశోధకమండలి మొదలుపెట్టిన పని విశ్వవిద్యాలయంలో కొనసాగుతుంది. శాసనం చదవగల తరం తగ్గిపోకముందే ఇది జరగడం అవసరం.