బొగ్గు నుండి వాయువు: రామగుండం, తాల్చేరు అనుభవం

బొగ్గును మండించడం వేరు, వాయువుగా మార్చడం వేరు. కావలసినంత గాలి అందితే బొగ్గు పూర్తిగా కాలి వేడిని, కార్బన్ డయాక్సైడును ఇస్తుంది. ఆక్సిజన్‌ను తగ్గించి, దానితోపాటు నీటి ఆవిరిని అధిక ఉష్ణోగ్రత వద్ద పంపినచో బొగ్గు అసంపూర్ణంగా కాలి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల మిశ్రమం వెలువడుతుంది. దీనిని సంశ్లేషణ వాయువు అంటారు. దీనిని మండించి విద్యుత్తు తీయవచ్చు. ఇందులోని హైడ్రోజన్‌ను నత్రజనితో కలిపి అమ్మోనియాను, దాని నుండి యూరియాను చేయవచ్చు. తగిన ఉత్ప్రేరకాలతో మిథనాల్‌ను, డీజిలును సైతం తయారు చేయవచ్చు. దక్షిణాఫ్రికాలోని ససోల్ సంస్థ 1955 నుండి బొగ్గుతో మోటారు ఇంధనాలను ఉత్పత్తి చేస్తున్నది.

మనదేశంలో ఈ విద్యను భారీ స్థాయిలో ప్రయోగించినవి రెండు కవల కర్మాగారాలు. ఒకటి నాటి కరీంనగర్ జిల్లా రామగుండంలో, రెండవది ఒడిశాలోని తాల్చేరులో. భారత ఎరువుల సంస్థ నిర్మించిన ఈ రెండింటిలోను 1980లో ఉత్పత్తి మొదలయింది. ఒక్కొక్కటి రోజుకు 900 టన్నుల అమ్మోనియా, 1,500 టన్నుల యూరియా చేయగలదని లెక్క. రామగుండానికి సింగరేణి బొగ్గు, గోదావరి నీరు చెంతనే ఉన్నాయి. తాల్చేరు గనుల నడుమనే వెలసిన పట్టణం. కాగితంపై కొరత ఏమీ లేదు. అయినను రెండు కర్మాగారాలూ పూర్తి సామర్థ్యాన్ని ఏనాడూ అందుకోలేదు.

ప్రధాన కారణం బూడిద. భారతీయ బొగ్గులో నూటికి 30 నుండి 45 పాళ్ల వరకు బూడిద ఉంటుంది. బొగ్గు ఏర్పడిన కాలంలోనే వరదమట్టి వృక్షపదార్థంతో కలిసిపోయినందున, బియ్యంలో రాళ్లను ఏరినట్లు దీనిని ఏరివేయలేము; ఇది పిండిలో కలిసిన దుమ్ము వంటిది. కర్మాగారాలకు ఎంచుకున్న జర్మన్ పద్ధతి, అనగా కోపర్స్-టోట్‌జెక్ పద్ధతిలో, బొగ్గుపొడిని ఆక్సిజన్‌తో అత్యధిక ఉష్ణోగ్రత వద్ద మండిస్తారు. ఆ వేడికి బూడిద కరిగి లావా వలె కిందికి కారాలి. వంద కిలోల బొగ్గులో నలభై కిలోల మట్టిని కూడా కరిగించవలసి వస్తే ఆ వేడికయ్యే బొగ్గు, ఆక్సిజన్ వృథాయే కదా!

రెండవ చిక్కు విద్యుత్తు. ఈ పద్ధతిలో వాయువు సాధారణ వాతావరణ పీడనం వద్ద తయారవుతుంది. అమ్మోనియా సంశ్లేషణకు దానిని ఎన్నో రెట్లు కుదించాలి. ఆక్సిజన్‌ను గాలి నుండి వేరుచేయడానికీ విద్యుత్తే కావాలి. నాటి విద్యుత్ కోతలకు ఒక యంత్రం ఆగితే గొలుసు మొత్తం ఆగేది. చివరకు 1999లో రెండూ ఉత్పత్తి నిలిపివేశాయి. 2002లో మూసివేత నిర్ణయం వెలువడింది, ఉద్యోగులు స్వచ్ఛంద విరమణతో వెళ్లిపోయారు.

తరువాతి కథ రెండు దారులు పట్టింది. రామగుండంలో 2021లో ఉత్పత్తి ప్రారంభించిన కొత్త యూరియా కర్మాగారం బొగ్గును విడిచి సహజవాయువును ఆశ్రయించింది. బొగ్గుగనుల పక్కనున్న కర్మాగారానికి కాకినాడ సమీపంలోని మల్లవరం వైపు నుండి గొట్టపు మార్గంలో వాయువు వస్తున్నది. తాల్చేరు మాత్రం బొగ్గునే నమ్ముకొన్నది. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా లక్ష్యంతో 2018 సెప్టెంబరులో అక్కడ శంకుస్థాపన జరిగింది. అయిదేళ్లు గడిచినా ఉత్పత్తి మొదలుకాలేదు. బూడిద పాలు తగ్గించేందుకు బొగ్గులో పెట్రోలియం కోక్‌ను కలపాలని నిర్ణయించారు. పాత పాఠం మరచిపోలేదన్న మాట.

బూడిదను కరిగించకుండానే పని జరిపే మార్గం కూడా ఉన్నది. బొగ్గురేణువులను గాలి, ఆవిరి ప్రవాహంలో తేలించి, బూడిద కరగని తక్కువ ఉష్ణోగ్రత వద్ద చర్య జరపడమే ద్రవీకృత స్తర పద్ధతి. తమిళనాడులోని తిరుచిరాపల్లిలో భెల్ సంస్థ ఈ దారిలో 6.2 మెగావాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నడిపింది. అదే సంస్థ హైదరాబాదు పరిశోధనశాలలో అధిక బూడిద గల బొగ్గు నుండి రోజుకు 0.25 టన్ను మిథనాల్ తీసే యంత్రాన్ని 2021లో నెలకొల్పింది. అది పావు టన్ను మాత్రమే. 2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చాలన్నది కేంద్రం లక్ష్యం. ఇందుకు 2024 జనవరిలో రూ. 8,500 కోట్ల ప్రోత్సాహక పథకం ఆమోదం పొందింది.

పర్యావరణం లెక్క వేరే ఉన్నది. సహజవాయువుతో పోలిస్తే బొగ్గు నుండి హైడ్రోజన్ తీయునపుడు కార్బన్ డయాక్సైడ్ చాలా ఎక్కువగా వెలువడుతుంది. అందులో కొంత యూరియా తయారీకే వినియోగమవుతుంది. పొలంలో వేసిన కొద్దిరోజులకే యూరియా విడివడి అదీ గాలిలో కలుస్తుంది.