ఎదురుగాలిని గెలిచిన హౌరా ఓడ

1829 డిసెంబరు 12న హౌరాలోని ఒక డాకు నుంచి కొత్త ఓడను హుగ్లీలోకి దింపారు. పేరు రెడ్ రోవర్. సామర్థ్యం 254 టన్నులు, పొడవు వంద అడుగుల లోపే. కలకత్తా నుంచి చైనా వెళ్లే భారీ టేకు ఓడల పక్కన నిలబెడితే పిల్ల ఓడ కిందే లెక్క. అయినా తెరచాప ఓడల చరిత్ర రాసేవాళ్లెవరూ దీన్ని దాటుకుని పోలేరు. ఇప్పుడు లండన్‌లో జనం టికెట్టు కొని చూసే కట్టీ సార్క్ ఓడ తయారైంది 1869లో. దానికి నలభై ఏళ్ల ముందే వేగం కోసం గీసిన, వేగం కోసమే కట్టిన ఓడ హుగ్లీ ఒడ్డున సిద్ధమైంది.

రెడ్ రోవర్ గొప్పతనం తెలియాలంటే దక్షిణ చైనా సముద్రంలో గాలులు ఎటు వీస్తాయో తెలియాలి. వేసవిలో అక్కడ నైరుతి గాలి, చలికాలమంతా ఈశాన్యం. పాత ఓడలు నైరుతితో చైనా చేరి, ఈశాన్యంతో తిరిగొచ్చేవి. అంటే ఏడాదికి ఒక్క రాకపోకే. చలికాలంలో ఈశాన్యానికి ఎదురెళ్లి కాంటన్ రేవు చేరడం అయ్యే పని కాదని ముసలి కెప్టెన్లు తేల్చేశారు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు. బోర్లించిన బానలా ఉబ్బిన పొట్ట, మొద్దు ముక్కు ఉన్న ఓడ ఎదురుగాలికి ముందుకు పోదు, పక్కకి కొట్టుకుపోతుంది.

కెప్టెన్ విలియం క్లిఫ్టన్ మాత్రం తప్పు గాలిది కాదు, ఓడ ఆకారానిదన్నాడు. ఆయన మనసులో ఉన్న నమూనా అమెరికాది. న్యూయార్క్‌లో ఆడమ్, నోవా బ్రౌన్ అన్నదమ్ములు కట్టిన ప్రిన్స్ డి న్యూషాటెల్ 1812 యుద్ధంలో బ్రిటిష్ వర్తక ఓడలను వేటాడి ముప్పుతిప్పలు పెట్టింది. 1814 డిసెంబరులో మూడు బ్రిటిష్ యుద్ధనౌకలు కలిసి చుట్టుముడితే గానీ చిక్కలేదు. పట్టుకున్నాక దాన్ని డాకులో పెట్టి, ఒంపు ఒంపునా కొలతలు తీసుకున్నారు. ఆ గీతలే క్లిఫ్టన్‌కి ఆధారం. అడుగుభాగం కోసుగా నీళ్లలోకి దిగుతుంది, ముక్కు నీటిని చీలుస్తుంది, అంచులు నీటిమట్టానికి దగ్గరగా ఉంటాయి, వెనకభాగం ముందుభాగం కంటే లోతుగా మునుగుతుంది. గాలి పక్క నుంచి నెట్టినా ఆ లోతైన అడుగు నీటిని పట్టుకుని ఓడను జారనివ్వదు. అలా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వాలుగా కోసుకుంటూ గాలి వచ్చే దిక్కుకే పోవచ్చు.

1830 జనవరిలో బయల్దేరిన రెడ్ రోవర్ ఈశాన్యాన్ని ఎదిరించి ఫిబ్రవరిలో మకావు చేరింది. ఏప్రిల్ 1 నాటికి తిరిగి కలకత్తాలో ఉంది. రానూపోనూ 86 రోజులు! ఏడాదిలో మూడు రాకపోకలు చేయవచ్చని దాంతో రుజువైపోయింది. అదే ఏడాది ఫోర్బ్స్ అనే ఆవిరి నౌక జేమ్సీనా అనే తెరచాప ఓడను తాడుతో లాక్కుంటూ కలకత్తా నుంచి చైనాకి బయల్దేరింది. తీరా బొగ్గు చాలక దారిలోనే తాడు వదిలేయాల్సి వచ్చింది. ఆవిరి రోజులు ఇంకా రాలేదు, కోసు ఓడల రోజులు వచ్చేశాయి.

1831లో ఆ వరసలో మరో రెండు దిగాయి. సల్కియాలో పార్సీ వర్తకుడు రుస్తుంజీ కవాస్జీ కట్టించిన సిల్ఫ్ మొదటిది. దాని నమూనా గీసింది బ్రిటిష్ నౌకాదళ సర్వేయరు సర్ రాబర్ట్ సెప్పింగ్స్. యుద్ధనౌకల చట్రాల్లో ఏటవాలు దూలాలు బిగించి వాటి నడుం గట్టిచేసిన మనిషి ఆయన. కలకత్తా నుంచి మకావుకి సిల్ఫ్ 17 రోజుల 17 గంటల్లో చేరింది. ఆ దారిలో మరే తెరచాప ఓడా దాన్ని మించలేదు. రెండోది కిద్దర్‌పూర్‌లో తయారైన 363 టన్నుల వాటర్ విచ్. దాని వాటాదారుల్లో ఒకరు ద్వారకానాథ్ ఠాగూర్, రవీంద్రుడి తాతగారు.

ఇంత తొందర దేనికి? నల్లమందుకి. బీహార్, బనారస్ పొలాల్లో గసగసాల పాలు గీయించి, పాట్నా, ఘాజీపూర్ ఫ్యాక్టరీల్లో ఉండలు కట్టించి, కలకత్తాలో వేలం వేసేది ఈస్టిండియా కంపెనీ. చైనాలో ఆ సరుకు నిషేధం కాబట్టి తన ఓడల్లో పంపేది కాదు. ఆ పని వర్తకులకి వదిలేసి, చేతికి మట్టంటకుండా డబ్బు తీసుకునేది. వేలంలో కొన్నవాళ్లలో ఎవరు ముందు చైనా తీరం చేరితే వాళ్లకి మంచి ధర. సెప్పింగ్స్ గీత, క్లిఫ్టన్ తెగింపు, రుస్తుంజీ పెట్టుబడి అన్నీ ఆ పెట్టెల కోసమే. 1839లో కమిషనర్ లిన్ సెషూ ఇరవై వేలకు పైగా పెట్టెల నల్లమందును హూమెన్ దగ్గర నాశనం చేయించాడు. ఆ వెనకే యుద్ధం వచ్చింది. ఈ ఓడల బొమ్మలు చూస్తే నాకు కళ్లు తిప్పుకోబుద్ధి కాదు. కానీ ఆ అందం దేనికోసం పుట్టిందో చెప్పకుండా వాటిని పొగడటం చరిత్రకి ద్రోహమనే నా నమ్మకం. సిల్ఫ్ 1849లో సింగపూర్ దారిలో, రెడ్ రోవర్ 1853లో బంగాళాఖాతంలో ఆనవాలు లేకుండా పోయాయి.

గీసినవాళ్ల పేర్లు మిగిలాయి, పెట్టుబడి పెట్టినవాళ్లవీ మిగిలాయి. మరి కట్టినవాళ్లో? జాన్ ఫిప్స్ 1840లో కలకత్తాలో అచ్చువేసిన నౌకానిర్మాణ గ్రంథంలో ఓడల పేర్లు, టన్నులు, యార్డు యజమానుల పేర్లు వరసగా ఉంటాయి. బాడిస పట్టిన వడ్రంగి పేరు ఉండదు. సాల, ఇరుగుడు కర్రతో పక్కటెముకలు, పెగూ నుంచి దిగిన టేకుతో పలకలు, ఇదీ బెంగాల్ ఓడల పద్ధతి. కిద్దర్‌పూర్ యార్డులో 74 ఫిరంగుల హేస్టింగ్స్ 1818లో నీళ్లలోకి దిగింది. మరుసటి ఏడాది బ్రిటిష్ నౌకాదళం దాన్ని కొనుక్కుంది. దాన్ని కట్టించిన జేమ్స్ కిడ్ ఒక భారతీయ తల్లి కన్న బిడ్డ. ఆయనకైనా పేరు దక్కింది.

ఆ చేతిపని మాత్రం బతికే ఉంది. హౌరా జిల్లా శ్యాంపూర్ వైపు, రూప్‌నారాయణ్ నది ఒడ్డున, ఛోట్ అనే పడవను చేసే పంచానన్ మండల్ ఉన్నారు. బెంగాల్ నదుల్లో తిరిగే పడవలు ఎక్కువగా గుండ్రటి అడుగువే. ఛోట్ అలా కాదు, దాని అడుగు కోసుగా ఉంటుంది, నదీముఖంలో ఎగసే అలల్ని కోసుకుపోవడానికి. కాగితం మీద గీత లేదు. ముందు అడుగుదూలం పరిచి, పలక పక్కన పలక చేర్చి చిన్న ఇనప పట్టీలు కొట్టి అతుకుతారు. లోపలి పక్కటెముకలు ఆ తరవాతే. ఒంపు ఎంతుండాలో కంటికి తెలుసు, చేతికి తెలుసు. 2022లో ఆయన, కొడుకులు కలిసి ఒక ఛోట్‌ను కడుతుంటే మానవశాస్త్రవేత్త స్వరూప్ భట్టాచార్య, ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు బ్రిటిష్ మ్యూజియం సాయంతో ప్రతి దశనూ చిత్రీకరించారు. ఆ వడ్రంగి పేరు పడవ పేరుతో పాటు రికార్డులోకి ఎక్కింది.

ఆ పని మన తీరంలో కూడా జరగాలి. కోరంగి ఓడలు బంగాళాఖాతం అవతలి రేవులకి నడిచినవే. 1839 నవంబరు తుఫాను ఆ రేవు నడుం విరిచినా, పక్కనే తాళ్లరేవులో చెక్క పడవల పని ఆగిపోలేదు. అక్కడి మేస్త్రీలు దూలానికి ఎంత వంపు ఇస్తారో, పలకల సందుల్లో ఏం కూరతారో, ఏ చెట్టు కర్ర దేనికి వాడతారో వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలి. ఆంధ్రా విశ్వవిద్యాలయం గానీ, పురావస్తు శాఖ గానీ ఒక కెమెరాతో, ఒక నోటు పుస్తకంతో అక్కడ ఒక్క పడవ మొదలైనప్పటి నుంచి నీళ్లలోకి దిగే దాకా కూర్చుంటే చాలు.