తీవ్ర మూత్రపిండ వైఫల్యం: ప్రయోగ నమూనాల చరిత్ర, పటాన్‌చెరు పాఠం

ఈ భాగం చదివాక, జంతువులపై చేసే ఒక ప్రయోగం ఏ ప్రశ్నకు జవాబు ఇవ్వగలదో, దేనికి ఇవ్వలేదో మీరు వివరించగలుగుతారు.

మూత్రపిండాలు కొన్ని గంటల్లో లేదా రోజుల్లోనే పనిచేయడం మానేస్తే దాన్ని తీవ్ర మూత్రపిండ వైఫల్యం అంటారు. రోగి ఆసుపత్రికి వచ్చేసరికి నష్టం మొదలై ఉంటుంది. అందుకే శాస్త్రవేత్తలు ఆ స్థితిని జంతువులో కలిగించి, మొదటి నుంచి పరిశీలిస్తారు. దీన్నే ప్రయోగ నమూనా అంటారు.

ఇలాంటి ప్రయోగాల అవసరాన్ని రెండు విషాదాలు చాటిచెప్పాయి. 1937లో అమెరికాలో ఒక సంస్థ సల్ఫనిలమైడ్ మందును డైఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రావకంలో కలిపి, జంతువులపై పరీక్షించకుండానే అమ్మింది. వందమందికి పైగా మరణించారు. అమ్మకానికి ముందే మందు భద్రతను చూపాలన్న చట్టం అక్కడ 1938లో వచ్చింది.

రెండోది లండన్‌పై బాంబుదాడులు. శిథిలాల కింద కాళ్లూ చేతులూ నలిగినవారు, బయటపడిన కొద్ది రోజులకే మూత్రపిండాలు చెడి మరణించడాన్ని 1941లో బైవాటర్స్, బీల్ నమోదు చేశారు. నలిగిన కండరాల నుంచి వెలువడే మయోగ్లోబిన్ ఇందుకు కారణమా అని తేల్చడానికి బైవాటర్స్ ఆ పదార్థాన్ని కుందేళ్లకు ఎక్కించి చూశారు. తరువాతి కాలంలో ఎలుక కండరంలోకి గ్లిజరాల్ ఎక్కించడం, మూత్రపిండ రక్తనాళాన్ని కాసేపు బిగించి వదలడం, జెంటామైసిన్ లేదా సిస్‌ప్లాటిన్ ఇవ్వడం వాడుకలోకి వచ్చాయి. నష్టాన్ని రక్తంలోని క్రియాటినిన్, యూరియాలతో కొలుస్తారు.

ఈ పద్ధతులన్నిటిలో ఒక పోలిక గమనించండి. కారణం ఒక్కటే, మోతాదు తెలిసినదే, గడువు కొద్ది రోజులే.

ఇప్పుడు మందులు తయారయ్యే చోటికి వద్దాం. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. హైదరాబాద్ కర్మాగారం, 1970 పేటెంట్ల చట్టం ఇక్కడ మందుల పరిశ్రమకు ఊపునిచ్చాయి. పటాన్‌చెరు ప్రాంతంలో బల్క్ డ్రగ్ కర్మాగారాలు వెలిశాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగు మీదుగా మంజీరా వైపు సాగాయి. సుమారు 90 మందుల సంస్థల వ్యర్థజలాలను శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకుడు లార్సన్ బృందం ప్రకటించింది. 2009లో వెలువడిన మరో అధ్యయనంలో, ఆ నీరు 0.2 శాతం కలిసినా కప్పపిల్లల పెరుగుదల సుమారు 40 శాతం తగ్గింది.

దీన్నిబట్టి వాగు పక్క ఊళ్లలో మూత్రపిండాలు చెడ్డాయని తేల్చవచ్చా? తేల్చలేం. ఆ ప్రయోగం కొలిచింది పెరుగుదలను. పోనీ, ఎలుక నమూనాలో ఒక్కో మందు సురక్షితమని తేలితే వాగు నీరూ సురక్షితమేనా? అదీ చెప్పలేం. వాగులో ఉన్నది ఎన్నో రసాయనాల మిశ్రమం. అది ఏళ్ల తరబడి, కొద్దికొద్దిగా మనుషులను చేరవచ్చు. ఎలుకకు ఒక్క మోతాదు ఇచ్చి మూడు రోజులు చూసే ప్రయోగం ఆ ప్రశ్న కోసం రూపొందలేదు. నష్టం కనిపించలేదు అనే మాట ఎక్కడ విన్నా, ఏ జంతువులో, ఎంత మోతాదుకు, ఎన్నాళ్లు చూశారని మీరు అడగాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: నక్కవాగు నీటికీ మూత్రపిండాల ఆరోగ్యానికీ సంబంధం ఉందో లేదో తెలుసుకోవడానికి ఎలాంటి అధ్యయనం కావాలి? పది వాక్యాల్లో రాయండి.